యేసురత్నం మాస్టారి రెండో సాక్ష్యం

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని హుకుంపేట ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి పిల్లలచేత ఏటేటా నోట్సు నిండా రాయించే యేసురత్నం మాస్టారు, ఒక ఆదివారం పాడేరు చర్చిలో, నిండు సంఘం ముందు, తనే నోరు జారాడు.

జారాడంటే అబద్ధమాడాడని కాదు. అబద్ధమాడే మనిషి కాదతను. ఆరాధనలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఒకటుంటుంది. ఆ వారంలో దేవుడు ఎవరికి ఏ మేలు చేస్తే వాళ్ళు లేచి ఆ మేలు చెబుతారు. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష గట్టెక్కినవాళ్ళు, తప్పిపోయిన మేక తిరిగి దొరికినవాళ్ళు. చెప్పిన ప్రతి మేలుకీ సంఘమంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంటుంది. అలా స్తోత్రం అనిపించుకున్న మాటని వెనక్కి తీసుకున్నవాళ్ళు ఆ చర్చి కట్టినప్పటినుంచీ లేరు.

ఆ ఆదివారం యేసురత్నం లేచాడు. చొక్కా గుండీలు సరిచేసుకున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పదిహేనేళ్ళుగా రెండు గదుల్లో ఇరుక్కుని బతుకుతున్న మమ్మల్ని దేవుడు విశాలమైన చోటికి తీసుకెళ్తున్నాడు. హుకుంపేట అవతల ఐదు గదుల ఇల్లు, చుట్టూ పెరడు, పెరట్లో కాఫీ తోటతో సహా మాకు దయచేశాడు. మా కోసం ప్రార్థన చెయ్యండి."

సంఘం స్తోత్రం అంది. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్న అతని భార్య సోఫియా మాత్రం అనలేదు. ఆ ఇల్లు తీసుకుంటున్నట్టు ఆమెకి అప్పుడే తెలిసింది మరి.

నిజానికి ఇల్లింకా దొరకలేదు. కాఫీ రైతు మంగ్లు తన ఇల్లు అమ్ముతానన్నాడు, శుక్రవారం సాయంత్రం యేసురత్నం వెళ్ళి చూశాడు, చూసి మనసు పారేసుకున్నాడు, అంతే. శనివారం సోఫియాతో మాట్లాడదామనుకున్నాడు గానీ ఆమెకి డ్యూటీ పడింది. ఆదివారం పొద్దున్నకి ఆ సంతోషం కడుపులో ఆగక సాక్ష్యమై బయటికొచ్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

అక్కడితో ఆగినా బాగుండేది. సంఘంలో తవిటమ్మ అని ఒక పెద్దామె ఉంది. పిడికెడు బియ్యం పని ఆమెది. చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో పోస్తారు. నెలకోసారి ఆ డబ్బాలన్నీ తవిటమ్మ దగ్గర చేరతాయి. ఆ నెల ఏ మంచి పనికి వండాలో ఆమె చెప్పిందే ఖాయం. ఆరాధన అవగానే తవిటమ్మ గుమ్మంలో నిలబడి చాటేసింది. "ఈ నెల బియ్యం మేస్టారి కొత్త ఇంటి కృతజ్ఞత కూడికకే. అందరం ఎల్దాం. పెద్దిల్లు కదా, పడతాం." పాస్టరు ఆల్విన్‌గారు రెండు వారాల తర్వాతి ఆదివారానికి తేదీ కూడా పెట్టేశారు.

ఇంటికి వస్తూ సోఫియా సందు మలుపు దాకా అతనికి ముందే నడిచింది. అక్కడ ఆగింది.

"ఏటండీ, దేవుడితో సెప్పారు, సంఘంతో సెప్పారు. మజ్జిలో నాతో ఓ మాట సెప్పలేకపోయారేటి?"

యేసురత్నం చెవులు ఎర్రబడ్డాయి. తప్పయిపోయిందన్నాడు. ఆ తర్వాత, తప్పు ఒప్పుకున్న మొగవాళ్ళందరూ చేసే పనే చేశాడు. తన వైపు న్యాయం ఎంత ఉందో వివరించడం మొదలుపెట్టాడు.

న్యాయం కొంత ఉంది కూడా. సోఫియా పాడేరు ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు నర్సు. వాళ్ళుంటున్న పోర్షను ఆసుపత్రి గోడకి ఆనుకున్న సందులో ఉంది. పిలుపు వస్తే ఆమె చెప్పులేసుకుని ఐదు నిమిషాల్లో వార్డులో ఉంటుంది. యేసురత్నం బడి హుకుంపేటలో. పదిహేనేళ్ళుగా అతను పొద్దున్న ఏడింటికి జీపు ఎక్కి, చోటుంటే కూర్చుని, లేకపోతే వెనక కమ్మీ పట్టుకుని వేలాడి వెళ్తున్నాడు. చీకటి పడే వేళకి అలాగే తిరిగొస్తున్నాడు. వచ్చాక కాళ్ళు చాపుకోవడానికి జాగా ఉండదు. ఆసుపత్రికి వచ్చిన కొండ ఊళ్ళ జనం మూటలు అతని మంచం కింద ఉంటాయి. దండెం మీద ఎవరివో తువ్వాళ్ళుంటాయి. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని స్టాఫు రూములో నవ్వుతూ అనేవాడు గానీ, అందులో రెండో ముక్క నిజం కాదని అతనికీ తెలుసు.

ఇంకో సంగతుంది. యేసురత్నం పెదబయలు వైపు కొండ ఊరివాడు. ఆరేళ్ళప్పుడు హాస్టల్లో వేశారు. నలభైమంది పిల్లలు ఒకే హాలు. ఒక్కొక్కడికి ఒక ట్రంకు పెట్టె, దాని పక్కన ఒక చాపంత నేల. అప్పటినుంచీ అతనికి ఒకటే కోరిక. ఎవరి కాలూ తగలకుండా చేతులు బార్లా చాపి పడుకోవాలి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. చాపంత జాగాలో పెరిగినవాడికే తెలుస్తుంది అది ఎంత పెద్ద కోరికో.

సోఫియా నవ్వలేదు. అంతా విని, "సరే, తీసుకుందాం," అంది.

"కోపంతో అంటున్నావా?"

"కోపం ఆ మలుపుకాడ ఒగ్గీసినాను. పదిహేనేళ్ళు నాకోసం మీరు జీపుల్లో యేలాడారు. ఇకమీద మీకోసం నేను కాస్త సర్దుకుంటే ఏటవుతాది? హుకుంపేట ఆసుపత్రికి బదిలీ అడుగుతాను."

ఆ సాయంత్రమే ఆమె బదిలీ అర్జీ రాసి, బల్ల మీద బైబిలు కింద పెట్టింది. రెండు వారాల తర్వాత, కూడిక అయిన మర్నాడు సోమవారం, ఆఫీసులో ఇవ్వాలని.

ఆ వచ్చే శనివారం ఇద్దరూ సెలవు పెట్టి, కలిసి ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. ఎండ పల్చగా ఉంది. దారి పొడుగునా వలిసె పూలు పచ్చగా విరబూశాయి. మంగ్లు ఇంటి పెరట్లో కాఫీ పళ్ళు ఎర్రబారుతున్నాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు పాకి ఉన్నాయి. యేసురత్నం నడి గదిలో నేలమీద వెల్లకిలా పడుకుని రెండు చేతులూ చాపి చూపించాడు. ఏ గోడా తగల్లేదు. యాభై ఏళ్ళ మనిషి మొహంలో సోఫియాకి ఆరేళ్ళ పిల్లాడు కనిపించాడు. ఈ మనిషికి ఈ మాత్రం జాగా ఇవ్వలేకపోయానా ఇన్నాళ్ళూ అనుకుంది. పైకి మాత్రం, "లెగండి, సొక్కా మాసిపోతాది," అంది.

"ఇంత బంగారంలాంటి ఇల్లు ఎందుకు అమ్ముకుంటున్నావు మంగ్లూ?" అని యేసురత్నం అప్పుడు అడిగాడు. మొదట చూసిన శుక్రవారమే అడగాల్సిన ప్రశ్న.

"ఇల్లు బంగారమే మేస్టారూ. నా ఆడదానికి ఒంట్లో బాగునేదు. వారానికి రెండుసార్లు పాడేరు తీసుకెళ్ళాల. జీపుల్లో దాని పేణం పోతంది. ఆసుపత్రి దగ్గర ఒక్క గది సాలు, నాకు ఐదు ఎందుకు? మీ యెరకలో ఏదైనా ఉంటే సెప్పండి."

"మా పోర్షనే ఖాళీ అవుతుంది కదా!" అన్నాడు యేసురత్నం హుషారుగా. ఇంతకంటే దేవుడు ఎలా కలుపుతాడని కూడా అన్నాడు. మంగ్లు చెప్పిన మాటలో తనకి పనికొచ్చే ముక్క ఒకటుందని అతనికి తట్టలేదు. పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్ళకి తమ లెక్క తేలదు ఒక్కోసారి.

ఆ తర్వాతి వారం మూటలు కట్టే వారం. బుధవారం బడి తొందరగా విడిచిపెట్టడంతో మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాడు యేసురత్నం. తన మంచం మీద నిండు కడుపుతో ఒక పిల్ల ఒత్తిగిలి నిద్రపోతోంది. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. మోకాళ్ళ దాకా దుమ్ము. ఇంట్లో ఇంకెవరూ లేరు. అతనికి ఒళ్ళు మండింది. లేపలేక, కూర్చోలేక, బయటికొచ్చి టీకొట్టు దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాడు. "ఇంకో నాలుగు రోజులు. ఆపైన ఈ సంత ఉండదు," అని టీకొట్టువాడితో అన్నాడు. సోఫియాతో కూడా అన్నాడు. ఆమె విని, దుప్పటి మార్చి వేసింది.

శనివారం సోఫియాకి పగటి డ్యూటీ. యేసురత్నం బడికి సెలవు పెట్టి ఒక్కడే ఇంట్లో కూర్చుని పుస్తకాలు గోనెసంచుల్లోకి సర్దుతున్నాడు. రెండు కావస్తుండగా తలుపు తోసుకుని ఒక ముసలామె లోపలికి వచ్చింది. ముక్కుకి మూడు పుడకలు, మోకాలి పైకి కట్టిన చీర, చేతిలో చిన్న మూట. ఎవరు మీరు అని అతను అడిగేలోపు, "కాస్త పక్కకి జరుగు బావూ," అని అతన్నే జరిపి, గోడకి తగిలించిన సత్తు గిన్నె తీసుకుని వెనక సందులోకి వెళ్ళింది. అక్కడ మూడు రాళ్ళ పొయ్యి ఉంది. పొయ్యి వెనక గోడ కంతలో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసింది. టీ పెట్టుకుందామని పొద్దున్నించీ యేసురత్నం వెతుకుతున్న అగ్గిపెట్టె అదే.

కాసేపటికి మూటలోని రాగిపిండితో చోడి అంబలి కాచి, ఒక లోటా నిండా తెచ్చి అతని ముందు పెట్టింది. పక్కన కాల్చిన ఎండుచేప ముక్క.

"తాగు. నువ్వూ పొద్దున్నించి తినుండవు. మొకం సూత్తే తెలుత్తంది. ఏ ఊరు మీది?"

అతను అలవాటుగా తన సొంత ఊరు చెప్పాడు.

"దూరమే. మీ ఆడమనిసి ఏ వార్డుల ఉంది?"

అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు. తను కూడా ఆసుపత్రికి ఎవరినో తెచ్చి ఇక్కడ కాచుకుని కూర్చున్న మనిషినని ఆమె అనుకుంటోంది. ఈ ఇల్లు నాది అని చెప్పాలి. కానీ నోట్లో అంబలి ఉంది. ఆ అంబలి పోసిన మనిషితో, ఇది నా ఇల్లు, నువ్వెవరు అని అనడానికి నోరు రాలేదు. ఉన్న నిజమే చెబుదామని, "పురుళ్ళ వార్డులో," అన్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేనేళ్ళు."

ముసలామె అతన్ని కిందా మీదా చూసింది. బెంగతో మతి చలించిందనుకుంది పాపం. దగ్గరికి జరిగి వీపు మీద చెయ్యి వేసింది.

"బెంగెట్టుకోకు బావూ. నాను మా కొండ తల్లికి మొక్కుతాను నీ ఆడమనిసి పేరు సెప్పి. అక్కడ సోపీనర్సమ్మ ఉంది. ఆయమ్మ సెయ్యి మంచిది. ఈ సత్రం కూడా ఆయమ్మే పెట్టింది మనలాంటోళ్ళకి."

"సత్రమా?"

"కాదేటి? ఎవులొచ్చినా వండుకోవచ్చు, తొంగోవచ్చు, మూట ఒగ్గీసి పోవచ్చు. రేతిరికి ఆసుపత్రి హాల్లో తొంగుంటాం, పగలు ఈడ. నా పేరు గంగ. మా ఊరికి దారి నేదు బావూ. పోయినేడు కాదు, ఆ ముందేడు, నా పెద్దగుంటకి నొప్పులొచ్చినాయి. డోలీ కట్టి దించుతున్నాం. సగం కొండ దిగేతలికి..." ఆమె ఆగి, గిన్నెలో అంబలి కలిపింది. "గుంటా పోనాది. కడుపుల పిల్లా పోనాది. అప్పుడు ఈ నర్సమ్మ నా సెయ్యట్టుకుని ఓ మాటంది. గంగమ్మా, ఈతూరి నొప్పులొచ్చేదాకా ఆగొద్దు, వారం ముందే మెల్లగ నడిసి దిగిపోండి, మా ఇంట కూకోండి అని. కూకోడానికి జాగా నేకపోతే ముందొచ్చి ఏటి సేత్తాం సెప్పు? అందికే ఈతూరి సిన్నగుంటని ముందే తెచ్చినాను. బేబి దాని పేరు. మొన్న ఈ మంచమ్మీదే తొంగుంది. కడుపుతో ఉన్నాక అంత కుదురుగ తొంగోడం అప్పుడే సూసినాను. ఇయ్యాల పొద్దున్న నొప్పులొచ్చి లోపలికి పోనాది."

యేసురత్నం చేతిలో లోటా అలాగే ఉంది. దుమ్ము కాళ్ళ పిల్ల కళ్ళముందు కనిపించింది. ఆ పిల్లని తిట్టుకుంటూ టీకొట్టు దగ్గర కూర్చున్న తను కూడా కనిపించాడు. పదిహేనేళ్ళుగా తన మంచం కింద మూటలే చూశాడు. మూట విప్పితే లోపల ఏముందో ఒక్కసారీ అడగలేదు. అడగందే సోఫియా చెప్పలేదు.

"వచ్చే వారం నుంచి ఈ సత్రం మూసేత్తారంట," అంది గంగ. "నర్సమ్మ మొగుడికి ఎక్కడో పెద్దిల్లు కావాలంట. ఏటి మనిసో! ఇంకో గుంట ఇంకో కొండమీద కడుపుతో ఉంటాది కదా అని నాను అంటే, ఆయమ్మ నన్ను కేకలేసింది. మా ఆయన్నేటీ అనకు గంగమ్మా, పదిహేనేళ్ళు ఆయన జాగా తీసి మీకిచ్చినాను, ఒక్కనాడూ ఎవుల్నీ బయటికి పొమ్మననేదు అంది."

ఆ మాట యేసురత్నానికి చెంపదెబ్బలా తగలాల్సింది. కానీ తల నిమిరినట్టు తగిలింది, అందుకే తట్టుకోలేకపోయాడు. తను చేశానని తనకే తెలియని మేలుకి సోఫియా ఇన్నేళ్ళుగా మనసులో దండం పెట్టుకుంటోంది. తను ఇరుకు ఇరుకు అని సణిగిన చోటుని చూపించి, ఇది మా ఆయన ఇచ్చిన చోటు అని చెప్పుకుంటోంది. ఎండుచేప కారమని గంగకి చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడే సోఫియా వచ్చింది. యూనిఫాం చీర మీదే, పరుగు లాంటి నడకతో.

"గంగమ్మా! ఆడపిల్ల! తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. బేగి రా!"

ముసలామె లేచింది. రెండు చేతులూ ఎత్తి కొండ తల్లికి దండం పెట్టింది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఈ బావు ఆడమనిసి సంగతీ కాస్త సూడు. పదిహేనేళ్ళుగా మీ వార్డులోనే ఉండిపోనాదంట. మొకం ఎలగైపోనాదో సూడు పాపం."

సోఫియా అతని మొహం చూసింది. చేతిలో లోటా చూసింది. నవ్వు ఆపుకోలేక నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "సూత్తాను, సూత్తాను, నువ్వు నడు," అని గంగని తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి పుస్తకాలన్నీ సంచుల్లోంచి తీసి అలమరలో పెట్టేసి ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్యా పెద్ద మాటలేమీ జరగలేదు. "జీపు ఇంకా పదేళ్ళు ఎక్కగలను, సోఫీ. రిటైరయ్యాక చూద్దాం," అన్నాడు అతను. "మరి మీకు కాళ్ళు సాపుకోడానికి?" అంది ఆమె. "ఆదివారాలు చర్చి నేల ఉందిగా," అన్నాడు. ఆమె అతని భుజానికి తల ఆనించింది.

మంగ్లుకి ఫోను చేసి చెబితే అతను బాధపడలేదు. "నాకు కావలసింది గది కదా మేస్టారూ," అన్నాడు. ఆసుపత్రికి దగ్గర్లోనే తవిటమ్మ ఇంట్లో ముందుగది ఖాళీగా ఉందని, ఆమెని అడుగుతానని యేసురత్నం మాటిచ్చాడు. పెద్దింటిని హుకుంపేట టీచర్లకి అద్దెకిస్తానన్నాడు మంగ్లు.

అసలు భయం ఆదివారం. సాక్ష్యాల వేళ వచ్చింది. యేసురత్నం లేచాడు. ఈసారి గుండీలు సరిచేసుకోలేదు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. కిందటిసారి నేను చెప్పిన సాక్ష్యంలో తప్పుంది. దేవుడు నాకు ఇల్లు ఇచ్చాడన్నాను. అది ఇచ్చింది కాదు, నేను కోరుకున్నది. ఇచ్చిన ఇల్లు పదిహేనేళ్ళ కిందటే ఇచ్చాడు. ఆసుపత్రి గోడ పక్కన, రెండు గదులది. అందులో ఎంతమంది పడతారో నిన్నటిదాకా నాకు తెలియలేదు. నా భార్యకి తెలుసు. అందుకని మేము ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఉన్నచోటుకే స్తోత్రం చెల్లిస్తున్నాను."

వెనక్కి తీసుకున్న సాక్ష్యానికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియదు. పాస్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు మూడో వరసలోంచి ఒక్క గొంతు గట్టిగా లేచింది.

"స్తోత్రం!"

సోఫియా గొంతు అది. ఆ వెంటనే మొత్తం సంఘం అందుకుంది. ఆ రేకుల కప్పు కింద అంత పెద్ద స్తోత్రం ఎప్పుడూ వినలేదని తవిటమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మరి పిడికెడు బియ్యం? తవిటమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "ఇల్లు మారనేదు గానీ కృతజ్ఞత మారిందేటి? ఆ సందులోనే వండుదాం, పదండి," అంది. మూడు రాళ్ళ పొయ్యి పక్కన ఇంకో రెండు పొయ్యిలు లేచాయి. బైబిలు కింద ఉన్న బదిలీ అర్జీ పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది. సంఘమంతా ఇంట్లో పట్టలేదు. మెట్ల మీద, సందులో, ఆసుపత్రి గోడ నీడలో, అడ్డాకుల విస్తర్లు వేసుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో ఉన్న రోగుల తాలూకు మనుషులు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరు సంఘమో ఎవరు కాదో ఎవరూ అడగలేదు. యేసురత్నం అన్నం బేసిను పట్టుకుని వడ్డిస్తూ తిరిగాడు. ఎవరి కాలు తగలకుండా నడవడం కష్టంగానే ఉంది గానీ, ఆ తగలడం అతనికి ఆ వేళ బాగుంది.

గోడ చివర గంగ కూర్చుని ఉంది. అతన్ని చూసి గబుక్కున అడిగింది.

"ఏటి బావూ, నీ ఆడమనిసి వచ్చిందేటి?"

యేసురత్నం చెయ్యి చాపి చూపించాడు. అటు చివర సోఫియా పప్పు వడ్డిస్తోంది. గంగ ఆమెని చూసింది, ఇతన్ని చూసింది, మళ్ళీ ఆమెని చూసింది. తను ఎవరి ముందు ఎవరిని తిట్టిందో తెలిసేసరికి విస్తరి వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

అతను ఆమె విస్తట్లో ఇంకో గరిటెడు అన్నం వేశాడు.

"సత్రం మూయడం లేదమ్మా. వచ్చే ఏడు కూడా రా. నేనింట్లో ఉంటే అంబలి నేనే కాస్తాను. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఇప్పుడు నాకూ తెలుసు."